సర్వర్ డౌన్ ఒక్కటే కాదు: రేషన్ మిషన్ లేటుగా తెరుచుకోవడం వెనుక ఇంకో కారణం

మిర్చి కోతల రోజుల్లో పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కూలీలకు పొద్దున పూట అరగంట పోయినా నష్టమే. 2025 జూన్ నుంచి రేషన్ బండ్లు ఆగిపోయి, నెలలో 1 నుంచి 15 వరకు మళ్లీ షాపుల్లోనే సరుకులు ఇస్తున్నారు. షాపు తెరిచేది 8 గంటలకు. డీలర్ ఈ-పాస్ మిషన్ ఆన్ చేస్తాడు, తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. క్యూలో అందరూ "సర్వర్ డౌన్" అంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ మిషన్ నెట్ దాకా వెళ్లకముందే పోయే టైం కూడా కొంత ఉంటుంది.

ఇలాంటి చిన్న మిషన్లలో లినక్స్ గానీ ఆండ్రాయిడ్ గానీ ఉండటం మామూలు. వేలిముద్ర చదవడం, స్లిప్ ప్రింట్ చేయడం లాంటి పనులకు కావాల్సిన కోడ్ అంతా యాప్ లోపలే పెట్టరు, వేరే ఫైళ్లలో ఉంచుతారు. ఒకే ఫైలును నాలుగు యాప్‌లు వాడుకుంటే మెమరీ మిగులుతుంది. వీటినే షేర్డ్ లైబ్రరీలు అంటారు.

చిక్కు ఇక్కడే. యాప్ తెరిచిన ప్రతిసారీ డైనమిక్ లింకర్ అనే ప్రోగ్రాం ఒక్కో ఫంక్షన్ పేరు పట్టుకుని, అది ఏ లైబ్రరీలో ఉందో వరసగా వెతుకుతుంది. గుంటూరు మిర్చి యార్డులో ఒక మనిషి పేరు చెప్పి కమీషన్ కొట్లన్నీ తిరిగి అడిగినట్టన్నమాట. మనిషి చివరి కొట్లో ఉంటే అన్నీ తిరగాల్సిందే. పెద్ద యాప్‌లో ఇలాంటి పేర్లు వేలల్లో ఉంటాయి. పెద్ద కంప్యూటర్‌లో ఈ టైం కనపడదు, చిన్న ప్రాసెసర్‌లో కనపడుతుంది. రేపు యాప్ తెరిస్తే మళ్లీ మొదటికే.

2006లో లినక్స్‌లోకి వచ్చిన గ్నూ హ్యాష్ ఈ తిరుగుడును చాలా తగ్గించింది. పేరు ఆ లైబ్రరీలో లేకపోతే చాలావరకు గుమ్మం దగ్గరే "ఇక్కడ లేడు" అని చెప్పేస్తుంది. రెడ్‌హ్యాట్ ఇంజనీర్ యాకుబ్ యెలినెక్ చేసిన ప్రీలింక్ ఇంకో దారి పట్టింది: అడ్రస్‌లన్నీ ముందే వెతికి రాసిపెట్టడం. అయితే హ్యాకర్లకు దొరక్కుండా లైబ్రరీల అడ్రస్‌లను ప్రతిసారీ మార్చే పద్ధతి వచ్చాక దానికి విలువ తగ్గింది. 2022లో వచ్చిన జీలిబ్‌సీ 2.36 ప్రీలింక్ సపోర్ట్‌ను తీసేసింది. ఆండ్రాయిడ్ తెలివిగా వెళ్లింది. జైగోట్ అనే ప్రాసెస్ ఫోన్ ఆన్ అయినప్పుడే అందరికీ కావాల్సిన లైబ్రరీలు ఎక్కించుకుంటుంది, యాప్‌లు దాని నకళ్లుగా పుడతాయి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని, వాడని లైబ్రరీలను తీసేయడం. బయటకు అవసరం లేని పేర్లను దాచేయడం కూడా. లినక్స్‌లో ఎల్‌డీ డీబగ్ సెట్టింగ్ పెట్టి చూస్తే ఈ వెతుకులాటకు ఎంత టైం పోతోందో లెక్క వస్తుంది. మిషన్ మార్చక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు అప్‌డేట్ ఇస్తే చాలు.

అప్పటిదాకా డీలర్ చేయగలిగింది ఒకటుంది. మిషన్‌ను 8 కంటే పది నిమిషాలు ముందే ఆన్ చేసి, యాప్ తెరిచి ఉంచాలి. మనిషి మనిషికీ మధ్యలో దాన్ని మూసేయకూడదు.