ఆ చెట్టు ఎన్ని డిసెంబర్లు నిలుస్తుంది?

క్రిస్మస్ చెట్టు పర్యావరణానికి ఎంత మేలు, ఎంత చేటు అన్న చర్చ ఎప్పుడు మొదలైనా అసలు చెట్టా, ప్లాస్టిక్ చెట్టా అన్న దగ్గరే ఆగిపోతుంది. పచ్చని చెట్టును నరకడం తప్పని ఒకరంటారు, ప్లాస్టిక్ మట్టిలో కలవదని మరొకరంటారు. నిజానికి ముందు అడగాల్సింది, తెచ్చుకున్న చెట్టు ఎన్ని పండుగలకు పనికొస్తుందని. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ సంస్థ వేసిన లెక్క దీన్నే బలపరుస్తుంది. రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు వల్ల సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడతాయి. అదే ఎత్తున్న అసలు చెట్టును పండుగయ్యాక కాల్చేసినా, ముక్కలు కొట్టి తోటలో పరిచినా ఆ లెక్క సుమారు 3.5 కిలోలే. చెత్తకుప్పలో పూడ్చితే మాత్రం గాలి అందక కుళ్లి మీథేన్ పుడుతుంది కాబట్టి 16 కిలోలవుతుంది. అంటే ప్లాస్టిక్ చెట్టును కనీసం పది పన్నెండేళ్లు వాడితేనే అది, పూడ్చకుండా కాల్చిన లేదా ముక్కలు కొట్టిన అసలు చెట్టుతో సమానం.

అసలు చెట్టు కోసం అడవులు కొట్టేస్తున్నారన్న మాట చాలావరకు నిజం కాదు. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఇవి ఎక్కువగా రైతులు వేసే పంట. ఏడు నుంచి పదేళ్లు పెంచి, కోసి, ఆ చోట మళ్లీ నాటుతారు. కానీ అన్నేళ్ల పెంపకం, లారీల రవాణా కొన్ని వారాల అలంకరణ కోసమే. ప్లాస్టిక్ చెట్టులో చిక్కు వేరు. అందులో పీవీసీ ఆకులు ఇనుప తీగకు మెలివేసి ఉంటాయి, వాటిని విడదీసి మళ్లీ వాడటం చాలా కష్టం. అలాగని ఇప్పటికే ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ చెట్టును పారేసి ‘పర్యావరణ హితం’ అని రాసి ఉన్న మరొకటి కొనడం మంచిది కాదు. ఊడిన కొమ్మకు తీగ చుట్టి, దాన్నే ఇంకో పదేళ్లు నిలబెట్టాలి.

కొత్తగా కొనేవారికి చెక్క చెట్టు మంచి దారి. నిటారు కర్రకు పొడవు తగ్గుతూ వచ్చే పలక చెక్కలు గుచ్చి తిప్పితే చెట్టు ఆకారం వస్తుంది, పండుగయ్యాక మడిచి మంచం కింద పెట్టుకోవచ్చు. ఇది సంప్రదాయం కాదనేవారు జర్మనీ వైపు చూడాలి. అక్కడి ఎర్జ్‌గెబిర్గె కొండప్రాంతంలో అంతస్తులుగా కట్టిన చెక్క పిరమిడ్లున్నాయి. కింద వెలిగించిన కొవ్వొత్తుల వేడికి పైనున్న రెక్కలు తిరిగి బొమ్మలన్నీ కదులుతాయి. 19వ శతాబ్దంలో ఫర్ చెట్ల నరికివేత మీద ఆందోళన పెరిగినప్పుడు, ఆకుపచ్చ రంగు వేసిన బాతు ఈకలను తీగలకు చుట్టి చెట్లు చేసిందీ జర్మన్లే. క్రిస్మస్ చెట్టు ఆచారం పుట్టిన నేలే దాన్ని దాచుకుని మళ్లీ వాడే పద్ధతులనూ కనిపెట్టింది.

మన దగ్గర కోస్తాలో చాలాచోట్ల సరుగుడు కొమ్మ తెచ్చి అలంకరిస్తారు. సరుగుడు కర్ర కోసం, కాగితం గుజ్జు కోసం వేసే పంటే కాబట్టి నరికేటప్పుడు రాలిన కొమ్మను వాడటంలో తప్పు పట్టాల్సింది లేదు. ఏటా అదే చెట్టు కావాలంటే కుండీ మొక్క ఉంది. కడియం నర్సరీల్లో క్రిస్మస్ మొక్కగా అమ్మే అరౌకేరియా పసిఫిక్ దీవుల నుంచి వచ్చింది. హాల్లో పెడితే ఎండిపోతుందన్న ఫిర్యాదు నిజమే, దానికి వెలుతురు కావాలి. ఏడాదంతా వరండాలో పెంచి, పండుగకు కొన్ని రోజులే లోపలికి తెస్తే ఏళ్ల తరబడి బతుకుతుంది. నేలలో నాటితే మేడలను దాటి ఎదుగుతుంది కనుక చోటు చూసుకునే నాటాలి. అలంకరణకు ఏటికొప్పాక లక్క బొమ్మల్లాంటివి కొంటే అవీ ఏళ్లు నిలుస్తాయి. తళుకు దారాలు, ప్లాస్టిక్ మంచు మాత్రం వద్దు. వాటి నుంచి రాలి కొమ్మకు అంటుకున్న పొడి దులిపినా పోదు, తర్వాత ఆ కొమ్మ ఎరువుకూ పొయ్యిలోకీ పనికిరాదు. నూలు దారంతో కడితే జనవరిలో విప్పి డబ్బాలో పెట్టుకోవచ్చు.