తల తెరవకుండా మెదడుకు వైద్యం

ఇంట్లో పెద్దవాళ్ళు "చెయ్యి పడిపోయింది" అంటే, చెయ్యి చచ్చుబడిందని అర్థం. ఈ మాట గుర్తుంచుకోండి. మూతి వంకర పోయినా, మాట తడబడినా అంతే. అది పక్షవాతం కావచ్చు.

మెదడులోని పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, దాన్ని తీయడానికి ఇప్పుడు పుర్రె తెరవక్కర్లేదు. తొడ మొదట్లోని రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపుతారు. చిన్న తీగ వలతో గడ్డను పట్టి బయటికి లాగుతారు. ఇది బాగా పనిచేస్తుందని 2015లో వెలువడిన ఐదు పరిశోధనలు చూపించాయి.

సాధారణంగా 6 గంటల్లోపు చేయాలి. స్కాన్ చూసి కొందరికి 24 గంటల వరకూ చేస్తారు. కానీ ఆగిన ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయి.

"కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అని అమ్మమ్మ అన్నా వినకండి. మన మలేషియాలో 999కి ఫోన్ చేయండి. ఎన్ని గంటలకు మొదలైందో రాసిపెట్టుకోండి. డాక్టరు తప్పకుండా అడుగుతారు.