చిత్తు ప్రతికి సిగ్గెందుకు?

"రాద్దామని కూర్చున్నాను గాని మొదటి వాక్యమే కుదరలేదండీ." ఈ మాట మనలో అనేకులు అంటూనే ఉంటాము. అది ఆదివారపు బడి పిల్లలకు కథ కావచ్చు, దూరాన ఉన్న బిడ్డకు ఉత్తరం కావచ్చు, ఇంటి పెద్దల జ్ఞాపకాలు కావచ్చు. రాసే ప్రతి మాటా మొదటిసారే ముత్యంలా ఉండాలన్న పట్టుదల మన చేతిని కట్టివేస్తుంది. ఆ పట్టుదల వల్ల నాకు కలిగిన నష్టం చెబుతాను.

మా నాన్నగారిది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో తుమ్మచెట్టు పట్టుకొని ప్రాణాలు దక్కించుకున్నారు. "నేను చెబుతాను, చదువుకున్నవాడివి, నువ్వు రాసిపెట్టరా. రేపు పిల్లలకు తెలియాలి" అని ఎన్నోసార్లు అడిగారు. నేను కొత్త నోటుపుస్తకం కొన్నాను. ఒక వాక్యం రాసి, బాగోలేదని ఆ కాగితం చించేవాణ్ణి. మళ్లీ రాసి, మళ్లీ చించేవాణ్ణి. ఆయన చెప్పడం ఆపి నా వంక చూస్తూ కూర్చునేవారు. చివరికి, "సంక్రాంతి సెలవుల్లో తీరిగ్గా రాద్దాం నాన్నా" అన్నాను. ఆ సంక్రాంతికి ఆయన లేరు.

కొన్నాళ్లకు ఒక రాత్రి, ఆయన నోట విన్నదంతా పాత పద్దుపుస్తకం వెనుక పేజీల్లో ఆగకుండా రాసేశాను. వరుస లేదు, చెప్పిందే మళ్లీ చెప్పాను, అక్షరదోషాలకు లెక్కలేదు. మర్నాడు దాన్నే మా మేనత్తకు చదివి వినిపించాను. సగంలోనే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"కాదురా అబ్బాయీ, ఆ చెట్టు మీద మీ నాన్న ఒక్కడే లేడు. నేనూ ఉన్నాను. తన పంచెతో నన్ను కొమ్మకు కట్టింది ఆయనే."

ఈ సంగతి నాన్నగారు మాకెన్నడూ చెప్పలేదు. "ఇన్నాళ్లూ నువ్వయినా ఎందుకు చెప్పలేదత్తా?" అంటే, "ఎవరడిగారు? నువ్వు తప్పు రాశావు గనుక చెప్పాను" అంది.

ఆ రోజు నాకొక సంగతి బోధపడింది. తప్పుగా రాసినదాన్ని ఎవరైనా దిద్దగలరు. తెల్లకాగితాన్ని ఎవరూ దిద్దలేరు.

మన తెలుగు బైబిలు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డే గ్రాంజెస్ అనే మిషనరీలు తెలుగు నేర్చుకుంటూనే అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే సహోదరుడు వారికి తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డే గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. 1818లో ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన మద్రాసులో వెలువడింది. తరువాతి పండితులు ఎన్నోసార్లు సవరించారు. భాష పూర్తిగా వచ్చేదాకా కలం పట్టబోమని ఆ మొదటివారు అనుకొని ఉంటే వారి చేతి పని మనకు దక్కేదే కాదు.

సేద్యం చేసేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. తొలి దుక్కిలో పెళ్లలు లేస్తాయి. వాటిని చూసి ఏ రైతూ నాగలి పారేయడు. గుంటక తోలే రోజు వేరే ఉంది. చిత్తు ప్రతి తొలి దుక్కి వంటిది, సాపు ప్రతి తరువాతి పని.

కనుక ఈసారి రాసేటప్పుడు కొత్త పుస్తకం కొనకండి. ఒకవైపు వాడిన కాగితాలు చాలు. వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ వదలండి, దిద్దుకోవడానికి పనికొస్తుంది. ఇంట్లో మాట్లాడినట్లే రాయండి. తేదీయో పేరో గుర్తు రాకపోతే గీత గీసి ముందుకు సాగండి. చివరిదాకా వెళ్లకుండా వెనక్కి తిరిగి చదవకండి. ముగించాక రెండు రోజులు పక్కన పెట్టి, సంగతి తెలిసినవారికి బిగ్గరగా చదివి వినిపించండి. వారు "కాదు" అన్నచోట నొచ్చుకోకండి. అసలు విషయం బయటపడేది అక్కడే. సాపు రాయడం ఆ తరువాత.

మా నాన్నగారి కథ ఇప్పుడు ఇరవై పేజీలు అయింది. అందులో మంచి భాగమంతా అత్త దిద్దినదే. ఆయన బ్రతికి ఉండగా రాసి ఉంటే ఆయనే దిద్దేవారు. మీ ఇంట్లో చెప్పేవారు ఇంకా ఉన్నారా? అయితే ఈ రాత్రే, తప్పులతోనే, మొదలుపెట్టండి.