సోయా తింటే రొమ్ము క్యాన్సర్ మళ్లీ వస్తుందా? ల్యాబ్‌లో ఒకలా.. మనుషుల్లో మరోలా!

రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న చాలామందికి ప్లేట్‌లో మీల్ మేకర్ కనిపిస్తే చాలు.. తినాలా, వద్దా అనే భయం. దానికి కారణం సోయాలోని జెనిస్టీన్. ఇది మొక్కల్లో ఉండే ఈస్ట్రోజన్ లాంటి పదార్థం.

భయం ఎక్కడ మొదలైంది?
ఎక్కువ శాతం రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజన్ రిసెప్టర్లు ఉంటాయి. తాళంలో చెవి పట్టినట్టు హార్మోన్ అందులో కూర్చుంటే కణం పెరుగుతుంది. జెనిస్టీన్ కూడా అదే తాళంలో పడుతుంది. ల్యాబ్‌లో ఎంసీఎఫ్-7 అనే క్యాన్సర్ కణాలపై పరీక్షిస్తే.. తక్కువ మోతాదులో కణాలు పెరిగాయి, మోతాదు బాగా పెంచితే పెరుగుదల తగ్గింది. అండాశయాలు తీసేసిన ఎలుకల్లోనూ కణితులు పెరిగాయి.

మరి మనుషుల్లో?
ఇక్కడే సీన్ మారింది. షాంఘైలో 5,042 మంది బాధితులపై చేసిన అధ్యయనం 2009లో జామా జర్నల్‌లో వచ్చింది. సోయా ఎక్కువగా తిన్నవారిలో క్యాన్సర్ తిరగబెట్టడం, మరణాలు రెండూ తక్కువే! అలాగని సోయా మందు అనుకోవద్దు. వాళ్ల మిగతా అలవాట్ల ప్రభావమూ ఉండొచ్చు. ఎలుకల ఫలితం మనకు వర్తించకపోవడానికీ కారణముంది. జెనిస్టీన్‌ను వాటి శరీరం మనలా మార్చుకోదు. చురుకైన రూపంలో ఉన్నది వాటి రక్తంలోనే ఎక్కువ.

ఏం చేయాలి?
టోఫు, సోయా పాలు, మీల్ మేకర్ ఆహారంగా మితంగా తీసుకోవచ్చు. ఐసోఫ్లేవోన్ మాత్రలు, పౌడర్ల సంగతి వేరు. వాటిలో మోతాదు ఎక్కువ. పైగా ఎలుకల్లో జెనిస్టీన్ టామోక్సిఫెన్ మందు ప్రభావాన్ని తగ్గించింది. అందుకే ఆ మందు వాడేవారు డాక్టర్‌ను అడగకుండా సప్లిమెంట్ల జోలికి వెళ్లొద్దు.