వ్యానులో వెచ్చదనము

మూసీనది పుట్టిన అనంతగిరి కొండలపై పుష్యమాసపు రాత్రులు చలి మిక్కుటముగా నుండును. ఆ చలికి తాళలేక వ్యాను తలుపులు బిగించి, లోపల బొగ్గుల కుంపటి రాజేసికొని పరుండుట ప్రాణాపాయకరము. అందుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హీమోగ్లోబినును ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. నిద్రించినవాడు మేల్కొనకయే పోవచ్చును.

డీజిలు హీటరులో మంట వేరొక మూసిన అరలో మండును. దానికి గాలి ఒక గొట్టముద్వారా బయటినుండి వచ్చును; పొగ మరియొక గొట్టముద్వారా బయటికే పోవును. వ్యానులోని గాలి మంటను తాకక, వేడెక్కిన లోహమును మాత్రమే ఒరసికొని వెచ్చబడును.

చిన్న వ్యానునకు 2 కిలోవాట్లది చాలును. గారేజికి 5 కిలోవాట్లది కావలసియుండును. పెద్దది కొని సన్నని మంటపై నడిపినచో లోపల మసి పేరుకొనును. ఆర్పునపుడు మీటతోనే ఆర్పవలెను. ఫ్యాను తనంత తాను ఆగువరకు బ్యాటరీ తీగెను ఊడదీయరాదు.

చవుక హీటరు కొనుట తప్పు కాదు, పొగగొట్టముకడ పొదుపు చేయుట తప్పు. దాని అతుకులు లోపల నుండరాదు. కొన కిటికీలకు దూరముగా నుండవలెను. విషవాయువును పసిగట్టి మ్రోగు చిన్న యంత్రమును పడక దగ్గర నుంచిన పిమ్మటనే తొలిసారి వెలిగింపవలెను.