శత్రువులకూ తెలిసిన ప్రార్థన వేళ

రాజైన దర్యావేషు తన రాజ్యం మీద 120 మంది అధిపతులను, వారి మీద ముగ్గురు ప్రధానులను నియమించాడు. ఆ ముగ్గురిలో దానియేలు ఒకడు. అధిపతుల లెక్కలు చూడాలి, రాజుకు నష్టం రాకుండా కాపాడాలి. క్రీ.పూ. 605లో యెరూషలేము నుంచి చెరగా వచ్చిన ఆ కుర్రవాడికి, క్రీ.పూ. 539లో బబులోను కూలేనాటికి 80 ఏళ్లు దరిదాపుల్లో ఉంటాయి. ఆ వయసులో, అంతటి బాధ్యతలోనూ రోజుకు మూడుసార్లు యెరూషలేము వైపు తెరిచిన కిటికీల ముందు మోకరించేవాడు (దానియేలు 6:10).

అసూయపరులైన తోటి అధికారులు ఆయనలో తప్పు వెదికారు. లంచం దొరకలేదు, నిర్లక్ష్యం దొరకలేదు. దొరికింది ఆయన ప్రార్థన ఒక్కటే! 30 రోజుల పాటు రాజుకు తప్ప మరెవరికీ మనవి చేయకూడదని శాసనం చేయించి, గుంపుగా వచ్చి పట్టుకున్నారు. ఎప్పుడు వస్తే దొరుకుతాడో వెదకాల్సిన పని కూడా వారికి లేకపోయింది. శత్రువుల మాట అటుంచి, మనం ఏ వేళ ప్రార్థిస్తామో మన ఇంట్లోవాళ్లకైనా తెలుసా?

శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్తాం. అప్పుడప్పుడు రాత్రంతా మేల్కొని ప్రార్థిస్తాం. కష్టం వస్తే పాస్టరు గారికి ఫోన్ చేసి ప్రార్థన చేయించుకుంటాం. అవన్నీ మంచివే. మరి మామూలు మంగళవారం మధ్యాహ్నం సంగతేమిటి? పిల్లల టిఫిన్ బాక్సులు, బస్సు, ఆఫీసు, ట్యూషన్లు, రాత్రికి సెల్‌ఫోన్... ఇంతలో రోజు అయిపోతుంది. ‘పని చేస్తూనే మనసులో ప్రార్థించుకుంటున్నాం’ అంటాం. ఎడతెగక ప్రార్థించమన్నాడు కదా అని పౌలును సాక్ష్యంగా కూడా తెచ్చుకుంటాం. కానీ వేళ లేని ప్రార్థన మెల్లగా ప్రార్థనే లేని రోజుగా మారడం మనకు అనుభవమే.

దానియేలు గ్రంథంలో ఒక చిన్న మాటను చదివి దాటేస్తుంటాం. సాయంత్రపు నైవేద్యం అర్పించే వేళ గబ్రియేలు ఆయన దగ్గరికి వచ్చాడట (9:21). ఏ నైవేద్యం? బబులోనీయులు ఆలయాన్ని క్రీ.పూ. 586లోనే తగులబెట్టారు. అక్కడ బలిపీఠం లేదు, ధూపం వేసే యాజకుడు లేడు. దాదాపు 50 ఏళ్లు అలా గడిచినా, దూరదేశంలోని దానియేలు మాత్రం తన దినాన్ని ఆ వేళతోనే కొలుచుకుంటున్నాడు. ఆలయం కాలిపోయింది కానీ ఆలయపు వేళ ఆయన ఇంట్లో కాలిపోలేదు.

అపొస్తలులదీ అదే అలవాటు. పేతురు, యోహాను పగలు మూడు గంటలకు ప్రార్థనకు వెళ్తుంటేనే దేవాలయ ద్వారం దగ్గర నడవలేని భిక్షకుడు ఎదురయ్యాడు (అపొ.కా. 3:1). యొప్పేలో పేతురు ప్రార్థనకు మిద్దె ఎక్కింది మిట్టమధ్యాహ్నం, అదీ ఆకలి వేళ! కొర్నేలీ అయితే వందమంది సైనికులను నడిపించే అధికారి. ఆయనకు దర్శనం కలిగిందీ మూడు గంటల ప్రార్థనలోనే (10:30).

1535లో మార్టిన్ లూథర్ తనకు క్షవరం చేసే పీటర్ కోసం ప్రార్థన గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. అంతకు ఏడాది ముందే ఆయన జర్మన్ బైబిలు మొత్తం అచ్చయింది. తీరికగా కూర్చున్న మనిషేమీ కాదు. ఉదయం మొదటి పని, రాత్రి చివరి పని ప్రార్థనే కావాలని, ‘ముందు ఈ పని కానీ, గంటాగి ప్రార్థిద్దాం’ అనే ఆలోచనను నమ్మవద్దని అందులో హెచ్చరించాడు. క్షురకుడు కబుర్లాడుతూ దిక్కులు చూస్తే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనలోనూ అంత ధ్యాస ఉండాలని పీటర్‌కు అర్థమయ్యే భాషలోనే చెప్పాడు.

అందరికీ ఒకే వేళ కుదరదు. నైట్ డ్యూటీ నర్సును తెల్లవారుజామున మోకరించమనడం న్యాయం కాదు. కీర్తనకారుడు సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం అనే వరుసలో చెప్పాడు (కీర్తన 55:17). యూదులకు దినం మొదలయ్యేదే సాయంత్రంతో. ఆమె డ్యూటీకి బయలుదేరే ముందు ఐదు నిమిషాలు కేటాయిస్తే అదే ఆమెకు ఉదయ ప్రార్థన. దుకాణం నడిపేవారికి షట్టరు ఎత్తే ముందు, ఆఫీసులో ఉన్నవారికి క్యారియర్ మూత తీసే ముందు వేళ దొరుకుతుంది. ఆ వేళ ఏదో ఇంట్లో పిల్లలకు చెప్పి ఉంచితే మంచిది. మనం మరచిన రోజున వాళ్లే అడుగుతారు.