'భళా' అంటే మైకు ఎందుకు ఉలిక్కిపడుతుంది?

మొదటి పాడ్‌కాస్ట్ రికార్డు చేసి విన్నాక 'ఇది నా గొంతేనా?' అని చాలామంది బెంగపడతారు. మీదే! మాట్లాడేటప్పుడు మన మాట గాలిలోంచే కాక, పుర్రె ఎముకల గుండా కూడా మన చెవికి చేరుతుంది. ఎముకలు మంద్రస్వరాలను బాగా మోస్తాయి. రికార్డింగులో ఆ భాగం ఉండదు కనుక గొంతు పల్చగా తోస్తుంది. నాలుగుసార్లు వింటే అలవాటైపోతుంది.

అసలు చిక్కు 'ప', 'భ' లాంటి అక్షరాలతో. అరచేతిని నోటికి బెత్తెడు దూరంలో పెట్టి 'భళా' అని ఒత్తి పలకండి. గాలి తగిలిందా? 'నీరు' అన్నప్పుడు అంతగా తగలదు. 'భ' కోసం పెదవులు గాలిని బిగబట్టి ఒక్కసారిగా వదులుతాయి. ఆ గాలి మైకులోని పల్చని పొరను గట్టిగా తోస్తుంది, 'ధబ్'మని మోగుతుంది. మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు జరపండి. గాలి ఎదురుగా దూసుకుపోతుంది. శబ్దం మాత్రం అన్నివైపులా పరుచుకుంటుంది కాబట్టి మాట చక్కగా అందుతుంది.

అలాగని మైకును దూరం పెట్టేయకండి. దూరం రెట్టింపైతే నేరుగా చేరే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వని మాత్రం పెద్దగా తగ్గదు. అందుకే నూతిలోంచి మాట్లాడినట్టుంటుంది. ఖరీదైన మైకు కొనేముందు, బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి దానికి ఎదురుగా కూర్చుని చదివి చూడండి. ఆ మెత్తని మడతలు శబ్దాన్ని పీల్చేసుకుంటాయి.